211వ పేజీ వెనక

తూకంలో రేణుక పాసైంది. నోటిఫికేషన్ ప్రకారం ఆ యూనిఫాం పోస్టుకు మహిళలకు ఉండాల్సిన కనీస బరువు నలభై అయిదున్నర కిలోలు. ఉదయం ఏడూ పదికి మిషన్ మీద ఆమె బరువు నలభై ఆరు కిలోల తొమ్మిది వందల గ్రాములు. కొలతలు రాసే ఉద్యోగి అంకె పైకి చదివాడు, కాగితం మీద రాశాడు, తర్వాతి నంబరు పిలిచాడు. రేణుక మిషన్ దిగి, గేటు బయట ఇనుప జాలీ పట్టుకుని నిలబడ్డ జ్యోత్స్న వైపు తిరిగింది. ముందు నాలుగు వేళ్లు, తర్వాత ఆరు వేళ్లు చూపించింది.

నలభై నిమిషాల తర్వాత, ఎనిమిది వందల మీటర్ల పరుగులో, రెండో చుట్టు మొదట్లో పడిపోయింది.

కాలు తట్టుకుని పడిందనుకున్నారు. వెనక వస్తున్న అమ్మాయిలు పక్కకు తప్పుకుని పరుగెత్తారు. రేణుక లేవలేదు. ఇద్దరు కానిస్టేబుళ్లు వెళ్లి లేపబోతే వాంతి చేసుకుంది. కళ్లు తెరిచే ఉన్నాయి. పేరు అడిగితే చెప్పలేదు. గ్రౌండ్‌లో ఉన్న డాక్టరు నాడి చూసి స్ట్రెచర్ తెమ్మన్నాడు. నవంబరు పద్దెనిమిదో తేదీ. ఎండ ఇంకా గోడ దాటి రాలేదు.

గ్రౌండ్ విద్యానగర్ అవతల ఉంది. అంబులెన్స్ నారాయణగూడలోని ఒక ఆసుపత్రికి ఎనిమిదీ ఇరవైకి చేరింది. రేణుక బ్యాగు, చెప్పులు, నీళ్ల సీసా, హాల్ టికెట్ జ్యోత్స్న ఒళ్లో ఉన్నాయి. ఇద్దరూ అశోక్ నగర్‌లో ఒక హాస్టల్ గదిలో ఉంటారు. జ్యోత్స్న గ్రూప్స్‌కు చదువుతోంది. ఆమెకు తూకాలు, పరుగులు లేవు. తోడుగా వచ్చింది.

క్యాజువాలిటీలో ఉన్న డాక్టరు పేరు రాజ్యలక్ష్మి. ఆమె బీపీ చూశారు. ఎనభై, యాభై. సెలైన్ పెట్టించారు. షుగర్ చూశారు. యాభై ఎనిమిది. గ్లూకోజ్ ఎక్కించమన్నారు. తర్వాత జ్యోత్స్న వైపు తిరిగారు.

“నువ్వేమవుతావమ్మా ఈ అమ్మాయికి?”

“ఫ్రెండ్ మేడం. రూమ్మేట్.”

“ఏమైనా మందులు వాడుతోందా? షుగరు, థైరాయిడ్, ఫిట్స్?”

“లేవు మేడం.”

“ఈ పరుగుల కోసం ఇంజెక్షన్లు, పౌడర్లు? చెప్పు, ఫర్వాలేదు. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు.”

“ఏం వాడలే మేడం.”

“రాత్రి ఏం తింది?”

“సరిగ్గ తినలే. రెండు రోజుల సంది తింటలేదు. పరీక్ష భయం.”

డాక్టరు ఆ మాట రాసుకున్నారు.

ఏం వాడలేదన్నది అబద్ధం. నలభై ఒక్క రోజులు రేణుక రోజూ పొద్దున నాలుగు మాత్రలు మింగింది. నీళ్ల గ్లాసు అందించింది జ్యోత్స్నే.

రేణుకది జగిత్యాల దగ్గర పల్లె. రెండేళ్ల కిందటి నోటిఫికేషన్‌లో పరుగు, లాంగ్ జంప్ అన్నీ గెలిచి, అప్పట్లో చివర ఉండే తూకంలో పోయింది. అప్పుడు నలభై నాలుగు కిలోల మూడు వందల గ్రాములు. కిలో రెండు వందలు తక్కువ. ఆ తర్వాత టైఫాయిడ్ వచ్చి నలభై రెండుకు దిగింది. ఈసారి మొదటి రాత పరీక్ష గట్టెక్కింది. వయసు పరిమితికి ఏడు నెలలు మిగిలి ఉన్నాయి. మరో నోటిఫికేషన్ అంత లోపల రాదు.

అరటిపళ్లు తింది, పల్లీలు తింది, రోజుకు ఆరు గుడ్లు తింది. మూడో రోజుకు గుడ్డు వాసన పడలేదు. చిక్కడపల్లిలో మెడికల్ షాపు మనిషి ఆకలి పుట్టడానికని ఒక సిరప్ ఇచ్చాడు. అది తాగితే ఆకలి కంటే ముందు నిద్ర వచ్చేది. చిక్కడపల్లి లైబ్రరీలో పుస్తకం మీద తల పెట్టి నిద్రపోతే పక్కన చదివేవాళ్లు గీసుకునే స్కేలుతో తట్టి లేపేవారు. మూడు వారాలకు ఆరు వందల గ్రాములు పెరిగింది. సిరప్ మానేసింది.

అప్పుడు 211వ పేజీ దొరికింది.

అశోక్ నగర్‌లో ఉద్యోగం వచ్చినవాళ్ల నోట్సు జిరాక్స్ తీసి అమ్ముతారు. ఎవరి నోట్సుకు వాళ్ల పేరే పెడతారు. ఓదెలు జిరాక్స్ షాపులో గోడ పొడుగునా అవే కట్టలు. వాటిలో ఎక్కువ పోయేది ప్రేమ్‌సాగర్ మెటీరియల్. మూడు వందల నలభై పేజీలు, రెండు వైపులా ప్రింటు. ముందు విషయసూచిక. తెలంగాణ ఉద్యమం, జాగ్రఫీ, జనరల్ సైన్స్. విషయసూచికలో 211 ఎదురుగా ఇలా ఉంటుంది: బరువు పెరుగుటకు ప్రేమ్‌సాగరన్న వాడిన మందులు.

ఆ పేజీలో ఉన్నది ఒక డాక్టరు చీటీ. మాత్ర పేరు, పొద్దున నాలుగు, తిన్న తర్వాత, కింద సంతకం, తేదీ. అంతే.

ప్రేమ్‌సాగర్‌ను చూసినవాళ్లు హాస్టళ్లలో ఎవరూ లేరు. కథ మాత్రం అందరికీ తెలుసు. పుల్లలా ఉండేవాడట. రెండు నెలల్లో పదకొండు కిలోలు పెరిగాడట. ఉద్యోగం కొట్టాడట.

“అన్నా, గీ 211 నిజమేనా?” అని రేణుక ఓదెలును అడిగింది.

“నాకేం తెలుసు చెల్లె. నేను చదువుడు బంద్ చేసి పదేండ్లాయె. కాపీలు తీస్త. మొన్న ఒకడొచ్చి నాకు ఒక్క 211 ఇయ్యి, మిగిలిందంత నాకొస్తది అన్నడు.”

“అంత వచ్చినోడు ఈడెందుకున్నడే?” అంది జ్యోత్స్న.

“నువ్వెందుకున్నవో వాడు గందుకే ఉన్నడు,” అన్నాడు ఓదెలు.

అక్టోబరు నాలుగో తేదీన రేణుక ఆ జిరాక్స్ తీసుకుని మెడికల్ షాపుకు వెళ్లింది. షాపు మనిషి మాత్ర పేరు చదివాడు. తేదీ చదవలేదు. పేషెంటు పేరు అడగలేదు. పది రోజుల మాత్రలు ఇచ్చాడు, అవి అయ్యాక మళ్లీ రమ్మన్నాడు. ఆ రోజు షాపు ముందున్న తూకం మిషన్ మీద ఆమె నలభై రెండు కిలోల ఏడు వందలు.

నాలుగో రోజు ఆకలి మొదలైంది. పొద్దున నాలుగింటికి లేచి బిస్కెట్లు తినేది. క్లాసు మధ్యలో లేచి మిర్చి బజ్జీలకు వెళ్లేది. మధ్యాహ్నం, రాత్రి రామక్క మెస్. అది అశోక్ నగర్ నుంచి నారాయణగూడ వెళ్లే సందులో ఉంది. కింద మెస్, పైన రెండంతస్తుల్లో అమ్మాయిలకు గదులు. అన్నం ఎంతైనా పెట్టించుకోవచ్చు. రామక్క గరిటె ఇంకొకరి చేతికి ఇవ్వదు.

“ఏమే రేణుక, మొన్నటిదాంక పిచ్చుక తిన్నట్టు తిని లేస్తుంటివి. ఇయ్యాల గంజు అడుగు కనవడ్తున్నది. కడుపుల ఎవలనన్న దాచిపెట్టినవా?”

“ఆకలైతున్నదక్కా.”

“కానియ్యి బిడ్డా. నా మెస్ మూతపడకుంటె సాలు.”

“ఆమెకు రెండు కార్డులు రాయి రామక్కా,” అన్నాడు పక్క టేబుల్ దగ్గరి అబ్బాయి.

“నువ్వు సప్పుడు చెయ్యక తిను. నీకు పప్పుల పప్పు దొర్కలేదని రోజు లొల్లి పెడ్తవు.”

అక్టోబరు ఇరవైకి నలభై నాలుగు కిలోల ఆరు వందలు. నవంబరు అయిదుకు నలభై ఆరు కిలోల ఎనిమిది వందలు. ఆ రోజు రేణుక మిషన్ నుంచి వచ్చిన అట్టముక్కను తన పుస్తకంలో పెట్టుకుంది. అమ్మకు ఫోన్ చేసి అంకె చెప్పింది. అమ్మ మళ్లీ చెప్పమంది.

పన్నెండో తేదీన హాల్ టికెట్ వచ్చింది. అందులో ఫోటో ఏడాది కిందటిది. జ్యోత్స్న ఫోటోను, మనిషిని మార్చి మార్చి చూసింది.

“ఫోటోల ఉన్నది నువ్వు. ఈడున్నది మీ పెద్దమ్మ.”

రేణుక నవ్వలేదు. అద్దం తీసి చూసుకుంది. బుగ్గలు ఉబ్బాయి, గదవ కింద ఇంకో మడత వచ్చింది, కళ్లు లోపలికి వెళ్లినట్టున్నాయి.

“గేటు కాడ మొఖం మిషన్‌తోని చూస్తరట. ఫోటోతోని కలవకుంటె ఎట్లనే?”

“కలుస్తది తియ్యి.”

“కలవకుంటె? తూకం దాంక పోనే పోను గదా.”

రాత్రంతా ఆలోచించింది. బరువు నలభై ఏడు కిలోల తొమ్మిది వందలు ఉంది. రెండు కిలోల పైన చేతిలో ఉంది. మాత్రలు ఆపితే మొహం వాపు తీస్తుంది, కొంత బరువు పోయినా నలభై అయిదున్నర దాటే ఉంటుంది. లెక్క సరిగ్గానే ఉంది. పదమూడో తేదీ పొద్దున నాలుగు మాత్రలు మింగింది. పద్నాలుగు నుంచి ఒక్కటి కూడా వేసుకోలేదు.

పదహారుకు మొహం తగ్గడం మొదలైంది. ఆకలి పోయింది. మెట్లెక్కితే కాళ్లు లాగాయి. పదిహేడున రెండుసార్లు వాంతి అయింది.

“జ్యోత్స్నా, ఒకటి చెప్త. రేపు ఎవరడిగినా నేను మాత్రలు వాడినని చెప్పకు. డోపింగ్ కింద రాస్తరట. ఇంక ఏ పరీక్షకు రానియ్యరట.”

“ఎవరు చెప్పిన్రు?”

“వాట్సాప్ గ్రూపుల పెట్టిన్రు. ఒట్టు వెయ్యి.”

జ్యోత్స్న ఒట్టు వేసింది.

ఆసుపత్రిలో తొమ్మిదింటికి బీపీ డెబ్బై, నలభై. రెండో సెలైన్ సీసా అయిపోవచ్చింది. నర్సు అంకె చెప్పినప్పుడు డాక్టరు రాజ్యలక్ష్మి మిషన్ పట్టీ విప్పించి మళ్లీ కట్టించారు. అదే అంకె వచ్చింది.

“ఇన్ని ఫ్లూయిడ్స్ పోయాయి. పెరగాలే,” అన్నారు తనలో. తర్వాత జ్యోత్స్న దగ్గరికి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు.

“చూడమ్మా. ఈ పిల్లకి జ్వరం లేదు. రక్తం పోలేదు. ఎండదెబ్బ కాదు. నీళ్లు ఎక్కిస్తే లేవాలి, లేవడం లేదు. నాకు తెలియనిదేదో ఉంది. నీకు తెలుసేమోనని మళ్లీ అడుగుతున్నాను.”

జ్యోత్స్న అద్దాల తలుపు వైపు చూసింది. తలుపు అవతల గ్రౌండ్ నుంచి వచ్చిన కానిస్టేబుల్ ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నేను చెప్తే ఆమె ఉద్యోగం పోతది మేడం.”

“చెప్పకపోతే?”

జ్యోత్స్న బ్యాగు జిప్పు తీసింది. పుస్తకం అట్టలో మడిచిన జిరాక్స్ కాగితం, సగం అయిన మాత్రల అట్ట ఇచ్చింది. అప్పటికి తొమ్మిదీ ఇరవై. ఆసుపత్రికి వచ్చి గంట అయింది.

డాక్టరు మాత్ర పేరు ఒకసారి చదివి లేచారు. నడుస్తూనే నర్సుకు ఇంజెక్షన్ పేరు చెప్పారు. జ్యోత్స్న విన్నది ఒక్క మాటే: వెంటనే.

పదింటికి బీపీ తొంభై, అరవై. పదీ ఇరవైకి రేణుక కళ్లు తిప్పి చుట్టూ చూసింది. ఎవరో పేరు అడిగితే ఇంటిపేరుతో సహా చెప్పింది. డాక్టరు బయటికి వచ్చి కాగితం చూపించారు.

“ఎన్ని రోజులు వాడింది?”

“నలభై ఒక్క రోజులు. నాలుగు రోజుల కింద ఆపింది.”

“తగ్గించుకుంటూ ఆపిందా, ఒక్కసారిగా ఆపిందా?”

“ఒక్కసారే మేడం. తగ్గించుడు ఏంది?”

“ఇది స్టెరాయిడ్ అమ్మా. ఆకలి పుట్టించే మందు కాదు. ఆకలి, ఈ ఉబ్బు, ఇవన్నీ ఈ మందు చేసే అనర్థాలు. రోజూ బయట నుంచి ఇది వస్తుంటే, ఒంట్లో ఇదే తయారుచేసే గ్రంథి పని మానేస్తుంది. హఠాత్తుగా ఆపితే బయట నుంచి రాదు, లోపల లేదు. మామూలుగా కూర్చుంటే ఎలాగో నడుస్తుంది. పరుగెత్తితే, జ్వరమొస్తే, మనిషి ఇలా పడిపోతుంది. ఇంకో గంట ఆలస్యమైతే నేను నీతో ఇలా మాట్లాడేదాన్ని కాదు.”

“అధివృక్క గ్రంథి,” అంది జ్యోత్స్న.

డాక్టరు ఆమె మొహంలోకి చూశారు.

“మూత్రపిండాల మీద టోపీ లెక్క ఉంటది. పరీక్షల బిట్ వస్తది మేడం. మొన్న ఆమెనే నన్ను అడిగింది.”

డాక్టరు కాగితం తిప్పారు. వెనక గోదావరి ఉపనదుల పట్టిక ఉంది. కుడి వైపు నుంచి కలిసేవి: మంజీర, మానేరు, కిన్నెరసాని. ఎడమ వైపు నుంచి: ప్రాణహిత, ఇంద్రావతి, శబరి.

“చీటీ వెనక వైపు ఏది?”

“అదే మేడం. 212.”

“నేనడిగేది డాక్టరు రాసిన చీటీ వెనక వైపు. ఈ మందు ఇంత మోతాదులో రాసిన ఏ డాక్టరైనా ఎలా తగ్గించాలో రాసే ఉంటాడు. ముందు పక్క చోటు లేదు. మరి ఎక్కడ రాశాడు? అసలు ఇది ఎవరికి రాసింది?”

జ్యోత్స్న కాగితం తీసుకుని మడిచి బ్యాగులో పెట్టింది.

కానిస్టేబుల్ ముందుకు వచ్చాడు. పేరు సురేశ్. ఫైలులోంచి ఒక కాగితం తీసి సంతకం పెట్టమన్నాడు. రేణుక కొలతల కాగితం అది. ఎత్తు, అర్హత. బరువు, అర్హత. పరుగు, పూర్తి చేయలేదు.

“అన్నా, మాత్రలు వాడిందని డాక్టర్‌కు చెప్పిన. గది గూడ రాస్తరా?”

“ఏం మాత్రలు?”

“బరువుకు.”

సురేశ్ కాగితం కిందికీ పైకీ చూశాడు. “గందుకు ఈడ గడే లేదు చెల్లె. ఎత్తు, బరువు, పరుగు, దుంకుడు. గంతే. ఎవలడుగుతరు?”

“డోపింగ్ కింద రాస్తరని చెప్పిన్రు.”

“ఎవలు చెప్పిన్రు?”

జ్యోత్స్న గోడకు ఆనుకుంది. గంట సేపు ఆమె దాచింది ఎవరూ అడగని సంగతి.

“డాక్టర్ కాగితం ఇస్తే ఇంకో తారీకు ఇస్తరా అన్నా?”

“పరుగు ఒక్కసారే చెల్లె. పానం దక్కింది, దండం పెట్టుకోండ్రి.” సంతకం చూసుకుని వెళ్లిపోయాడు.

పదకొండున్నరకు జ్యోత్స్న ఓదెలు షాపులో ఉంది. కౌంటర్ ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. ఆమె వరసలో నిలబడలేదు.

“అన్నా, ప్రేమ్‌సాగర్ ఒరిజినల్ తియ్యి.”

“ఏమైంది చెల్లె?”

“ముందు తియ్యి.”

ఓదెలు బీరువా తెరిచి కట్ట తీశాడు. మూడేళ్ల కిందట ప్రేమ్‌సాగర్ కాపీలకు ఇచ్చి మళ్లీ తీసుకోని నోట్సు అది. పేజీలు తిప్పాడు. జాగ్రఫీలో, నదుల దగ్గర, పేజీకి గుర్తుగా పెట్టినట్టు చీటీ ఉంది. పైభాగం లోపలికి మడిచి ఉంది. జ్యోత్స్న మడత విప్పింది. ఆసుపత్రి పేరు, దాని కింద విభాగం పేరు, దాని కింద పేషెంటు పేరు. విభాగం, మూత్రపిండాల వ్యాధులు.

చీటీ తిప్పింది.

వెనక తెలుగులో, ఎర్ర సిరాతో, వారాల వారీగా రాసి ఉంది. నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు, రెండు నుంచి ఒకటి, ఒకటి నుంచి సగం. చివర ఒక వాక్యం, కింద రెండు గీతలు: సొంతంగా ఆపొద్దు, ప్రాణాపాయం.

ఓదెలు కౌంటర్ మీదికి వంగి చదివాడు. రెండోసారి చదివాడు. మిషన్‌లో కాగితాలు పడుతూనే ఉన్నాయి. చేయి చాచి స్విచ్ ఆపాడు.

“నోట్సుల ఉండె. నోట్సే అనుకున్న.”

“వెనక చూడలేదా?”

“రెండు దిక్కుల కాపీ గదా చెల్లె. ముందల చీటీ పడ్డది. ఎనక మిషన్ల నెక్స్ట్ పేజీ పడ్డది. గోదావరి.” ఆగిన మిషన్ మూత మీద చేయి పెట్టి అన్నాడు, “లిస్టుల గా పేరు రాసింది నేనే. చూస్తే మందుల చీటీ. ఎందుకుంటదని అడిగితే ఒక పోరగాడు బరువుకు వాడిండన్నడు. రాసేసిన.”

“ఎన్ని సెట్లు తీసినవ్?”

“ఆరు వందలు దాటినయి. ఒక్క 211 కొనుక్కపోయినోళ్లు లెక్కల లేరు.”

నోట్సు అట్ట మీద ఫోన్ నంబరు ఉంది. జ్యోత్స్న చేసింది. ప్రేమ్‌సాగర్ ఎత్తాడు. మంచిర్యాలలో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. ఆమె చెప్పింది విన్నాడు.

“ఆ చీటీ పోయిందనుకున్నక్కా. మల్ల రాయించుకున్న.”

“పదకొండు కిలోలు పెరిగినవంట గదా అన్నా?”

“పెరుగుడు ఎక్కడిదక్కా. నీరు పట్టింది. కాలు మీద ఏలు పెట్టి నొక్కితే గుంట పడుతుండె. కిడ్నీలు పోతున్నయి. ఇప్పుడు వారానికి రెండు సార్లు డయాలసిస్. నేను యూనిఫాం పోస్టుకు అప్లయే చెయ్యలే. నన్ను తూకం ఎవరేసిన్రు?”

“హాస్టల్ అంత మీ పేరే చెప్తరు.”

“నా చీటీ చూసి మింగుతున్నరా?” అవతల కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది. “ఎంతమంది?”

జ్యోత్స్న ఓదెలు వైపు చూసింది. ఓదెలు తల దించుకున్నాడు.

“తెల్వదన్నా,” అంది.

“పరుగు ఈవెంట్స్ ఎన్నటిదాంక ఉన్నయి?”

“ఇయ్యాల మొదలైనయి. ఇంకా పన్నెండు రోజులు.”

ఆ మాట అన్నాక ఆమెకు అర్థమైంది. ఫోటో సమస్య రేణుక ఒక్కదానిదే కాదు. హాల్ టికెట్లు అందరికీ ఒకే రోజు వచ్చాయి. అందరి ఫోటోలూ పాతవే; మొహం తగ్గాలని వాళ్లూ మాత్రలు ఆపొచ్చు.

ఓదెలు చీటీని రెండు వైపులా కాపీ తీశాడు, మడత విప్పి, పైభాగం కూడా పడేలా. యాభై తీసి వరసలో ఉన్న ఆరుగురికి ముందు ఇచ్చాడు. ఇద్దరు తిప్పి చూశారు. ఒకతను చదివి, జేబులోంచి మాత్రల అట్ట తీసి కౌంటర్ మీద పెట్టి, “అన్నా, నేనిప్పుడు ఏం చెయ్యాలె?” అన్నాడు. ఓదెలు అట్టను ముట్టుకోలేదు. జ్యోత్స్న ఆసుపత్రి పేరు చెప్పింది. మాత్రలు ఆపకుండా, వెళ్లి డాక్టరును అడగమంది.

ఒంటిగంటకు రామక్క మెస్‌లో అన్ని టేబుళ్లూ నిండి ఉన్నాయి. జ్యోత్స్న గుమ్మంలోనే నిలబడి జరిగింది చెప్పింది. రామక్క గరిటె అన్నం గంజులోనే వదిలేసింది.

“సచ్చిపోతుండెనా?”

“ఇంకో గంట అయితే పోతుండె.”

“నేను తిన్నది చూసి సంబరపడ్డ గదనే. పిల్ల కండ పడుతున్నదనుకున్న.”

“అక్కా, నీ మెస్‌ల ఇంకెవరన్న గిట్ల తింటున్నరా? ఈ నెలల కొత్తగ?”

రామక్క టేబుళ్ల వైపు తిరిగింది. ఆలోచించలేదు. ఎవరు ఎన్నిసార్లు పెట్టించుకుంటారో ఆమె చేతికే తెలుసు.

“గా కిటికీ కాడోడు, నాలుగు సార్లు. ఆని ముంగటోడు, మూడు సార్లు, పెరుగన్నం కాకుంట. గా మూల మీద అక్కాచెల్లెండ్లు ఇద్దరు. గా నీల రంగంగి. చూడు, మొఖాలు చూడు. బూరెల లెక్క.” వేలు ఒక్కొక్కరి మీద ఆగుతూ పోయింది. తొమ్మిది దగ్గర ఆగింది. జ్యోత్స్న తొమ్మిది కాగితాలు విడిగా తీసింది.

“తింటున్నోళ్లు కాదక్కా,” అంది ఒక్కసారిగా. “తినుడు ఆపినోళ్లు. బాగ తిని, రెండు మూడు రోజుల సంది తినుడు బంద్ చేసినోళ్లు.”

రామక్క చేయి గాల్లోనే ఉంది.

“మంజుల,” అంది.

“ఎవరు?”

“పైన రెండో అంతస్తు. భూపాలపల్లి పిల్ల. మొన్నటిదాంక అందరికన్న ఎక్కువ తినేది ఆమెనే. మూడు రోజుల సంది రాలే. నిన్న చారు పంపితే తిప్పి పంపింది. రేపే ఆమె తారీకు. పరీక్ష భయమనుకున్న.”

జ్యోత్స్న మెట్ల వైపు పరుగెత్తింది. వెనక రామక్క, చేతికి అన్నం మెతుకులతోనే.

గది తలుపు దగ్గరికి వేసి ఉంది, గడియ లేదు. మంజుల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మంచం కింద బకెట్ ఉంది. అందులో పచ్చనీళ్లు. గోడకు మేకు మీద హాల్ టికెట్ వేలాడుతోంది. రామక్క భుజం పట్టి తిప్పింది. మొహం గుండ్రంగా ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

“మంజులా, నేను జ్యోత్స్న. ఎదురు హాస్టల్. లేస్తవా?”

“జర పండుకుంటక్కా. రేపు ఈవెంట్ ఉంది.”

“ఏమన్న మాత్రలు వాడినవా?”

మంజుల కళ్లు హాల్ టికెట్ వైపు వెళ్లి వచ్చాయి.

“ఏం వాడలేదక్కా,” అంది.

జ్యోత్స్న రెండోసారి అడగలేదు. మంజుల చంకల కింద చేతులు పెట్టి లేపి కూర్చోబెట్టింది.

“రామక్కా, ఆటో పిలువు,” అంది. “ఉరుకు.”